గంబో నేలలో 66 అడుగుల బాట: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో అక్టోబరు నెల మూడో శనివారం ఫెజెంట్ పక్షుల వేట అందరికీ మొదలవుతుంది. ఆ వారంలో ఒక్క మంచి వాన కురిసిందంటే పొలాల మధ్య మట్టి బాటలు ఏమవుతాయో అక్కడ భూములు కొనుక్కున్న మన వాళ్లకూ, తుపాకీ పట్టి వేటకు వెళ్లే మన వాళ్లకూ బాగా తెలుసు. బండ్లు దిగబడి ఆ బాటలు పాడైనప్పుడు భూయజమానులకూ వేటగాళ్లకూ మధ్య వచ్చే తగవుల మీద మీ సందేహాలు తీర్చడానికి డకోటాల్లో భూమి వ్యాజ్యాలు చూస్తున్న న్యాయవాది ఒకరు మనతో ఉన్నారు. మేడమ్, స్వాగతమండీ.

న్యాయవాది: నమస్కారమండీ. ఒక్క మాట ముందే చెబుతాను. నేను చెప్పేది సాధారణ అవగాహన కోసమే. మీ పొలం సంగతి తేల్చేది మీ కౌంటీ, అంటే అక్కడి జిల్లా లాంటి దాని రికార్డులే.

వ్యాఖ్యాత: మొదటి శ్రోత దక్షిణ డకోటాలోని సూఫాల్స్ నుంచి మాట్లాడుతున్నారు. చెప్పండి సార్.

మొదటి శ్రోత: నమస్కారం మేడమ్. నేను ఇక్కడ వైద్యుణ్ణి. నేనూ మా బావమరిదీ కలిసి మిస్సోరీ నదికి పడమట, లైమన్ కౌంటీలో 160 ఎకరాలు కొని ఒక స్థానిక రైతుకు కౌలుకిచ్చాము. పొలానికి రెండు వైపులా కంచె వెంట గడ్డి బాట ఉంది. అది మా పొలం గట్టే అనుకున్నాము. మొన్న వానల తర్వాత వేటగాళ్ల పికప్ ట్రక్కులు నాలుగో ఐదో అందులో దిగబడి, పైకి లాక్కునే ప్రయత్నంలో బాటంతా దున్నేసి పోయాయి. ఆదివారం వెళ్లి చూస్తే గాడి నా మోకాటి కింది దాకా వచ్చింది. అందులో నిలిచిన నీళ్లలో ఎర్రటి ప్లాస్టిక్ తూటా తొడుగు ఒకటి ఇరుక్కుని ఉంది. వెంటనే రెండు స్తంభాలు పాతించి, మధ్యలో గొలుసు కట్టించి తాళం వేయించాను. గాడులు పూడ్చడానికి కంకర కూడా చెప్పాను. ఇక నేను వాళ్ల మీద దావా ఎలా వేయాలి?

న్యాయవాది: డాక్టరు గారూ, దావా సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ కంకర లారీ వచ్చేసిందా?

మొదటి శ్రోత: లేదండీ, గురువారం వస్తుంది.

న్యాయవాది: అయితే ముందు దాన్ని ఆపించండి. ఎందుకో చెబుతాను. మీరు గట్టు అనుకుంటున్నది సెక్షన్ లైన్, అంటే రెండు సర్వే సెక్షన్ల మధ్య హద్దు గీత. ఆ రాష్ట్రంలో భూమినంతా ఒక్కో మైలు చదరపు సెక్షన్లుగా, అంటే 640 ఎకరాల గళ్లుగా సర్వే చేశారు. ప్రభుత్వ భూముల మీదుగా రహదారులకు హక్కు ఇస్తూ 1866లో కేంద్రం చట్టం చేసింది. దాన్ని అందిపుచ్చుకుని, డకోటాలు ఇంకా రాష్ట్రాలు కాకముందటి డకోటా టెరిటరీ శాసనసభ 1870-71లో సెక్షన్ లైన్లన్నిటినీ ప్రజా రహదారులుగా ప్రకటించింది. గీతకు అటు 33, ఇటు 33, మొత్తం 66 అడుగుల వెడల్పు. మన ఊళ్లలో సర్వేయరు లాగే గొలుసు గుర్తుందా? ఆ గొలుసు పొడవు సరిగ్గా 66 అడుగులే. అలాంటి పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అందులో నూరో వంతు మన సెంటు. మీ 160 ఎకరాలకు రెండు వైపులా సెక్షన్ లైన్లు ఉన్నాయంటే, మీరు డబ్బు పోసి కొన్న భూమిలో దాదాపు 4 ఎకరాల మీద జనానికి నడిచే హక్కు ఉందన్న మాట. ఆ నేల మీ సొంతమే, కాని బాట మీది కాదు. కొనే ముందు ఈ సంగతి మీకెవరూ చెప్పకపోవడం విచారకరం, మీరు అడగకపోవడం అంతకంటే విచారకరం.

మొదటి శ్రోత: కానీ అక్కడ రోడ్డే లేదు కదండీ. గడ్డే ఉంది.

న్యాయవాది: రోడ్డు వేయకపోయినా, కౌంటీ కమిషన్ గానీ, కౌంటీలో చిన్న భాగమైన టౌన్‌షిప్ బోర్డు గానీ పద్ధతి ప్రకారం మూసివేస్తే తప్ప రాకపోకల హక్కు పోదు. అందుకే ఆ తాళం ఈ రాత్రికే తీయించండి. ప్రజా రహదారికి అడ్డం పెట్టడం నేరమవుతుంది. అప్పుడు గాడులు చేసిన వాళ్లు ఫిర్యాదుదారులూ, మీరు ముద్దాయీ అవుతారు.

ఇక కంకర విషయం. రాకపోకల హక్కు వేరు, అక్కడ నిలబడి వేటాడే హక్కు వేరు. దక్షిణ డకోటాలో ప్రజా రహదారి హద్దుల్లో నిలబడి ఫెజెంట్లను కాల్చడం చట్టబద్ధమే. కానీ బాగుచేయని, జనం మామూలుగా వాడని సెక్షన్ లైను మీద ఆ హక్కు లేదు. మరి ఏది బాగుచేసింది, ఏది వాడుకలో ఉన్నది అని ఎలా తేలుస్తారు? కంకర గానీ మట్టి గానీ వేసిన రోడ్డు ఉందా, బండ్లు సులువుగా నడవడానికి ఎవరైనా కావాలని నేలను మార్చారా, జనం బండ్లు తిరిగి బాగా నలిగిన చక్రాల జాడ కనిపిస్తోందా అని చూస్తారు. ఇప్పుడు మీరే ఆలోచించండి. మీరు కోపంగా ఫోటోలు తీసి దాచుకున్న ఆ గాడులు, ఇది వాడుకలో ఉన్న బాట అని రేపు ఎదుటి పక్షం చూపించే సాక్ష్యం. వాటి మీద మీరు కంకర పోశారంటే, సొంత ఖర్చుతో ఆ లైనును వేటకు తెరిచినట్టవుతుంది.

మొదటి శ్రోత: అంటే పాడుచేసిన వాడికే హక్కు వస్తుందా?

న్యాయవాది: ఒక్క వానలో నాలుగు బండ్లు దిగబడినంత మాత్రాన రాదు. ఏళ్ల తరబడి అదే జాడ నిలిస్తే వాదన బలపడుతుంది. మీ కౌలు రైతు ట్రాక్టరు జాడ కూడా ఫోటోలో అలాగే కనిపిస్తుందని మరచిపోకండి, అతను ఆ లైను మీద తిరగడం తగ్గించాలి. మీరు చేయవలసింది ఏమిటంటే, ముందు కౌంటీ హైవే సూపరింటెండెంటుకు ఉత్తరం రాసి, ఆ లైను టౌన్‌షిప్ చేతిలో ఉందో, కౌంటీ చేతిలో ఉందో, ఎప్పుడైనా మూసివేశారో లేదో లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. వాళ్ల అనుమతితో గాడులను అదే మట్టితో పూడ్చి గడ్డి విత్తనం చల్లించండి. మీది గంబో నేల. మన నల్లరేగడికి అన్న లాంటిది, తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. ఇప్పుడు పచ్చిగా ఉండగా కెలికితే ఇటుకలా గట్టిపడుతుంది, కాబట్టి ఆరనివ్వండి.

వ్యాఖ్యాత: మరి దావా, మేడమ్?

న్యాయవాది: రోడ్డును కావాలని పాడుచేశారని రుజువు కావాలి. దిగబడిన వాడు బయటపడటానికి చక్రం తిప్పడం వేరు, బురదలో సరదాకి గింగిరాలు కొట్టడం వేరు. నేరంగా నిలిచేది రెండోదే, అదీ బండి నంబరు తెలిస్తేనే. అయితే డాక్టరు గారూ, గాడి తప్పించుకోవడానికి వాళ్లు పక్కకు, మీ గోధుమలోకి తిప్పారా?

మొదటి శ్రోత: తిప్పారండీ. ఒక చోట ఇరవై అడుగుల దాకా లోపలికి వచ్చారు.

న్యాయవాది: మీ బలమంతా అక్కడుంది. సెక్షన్ లైనుకు 33 అడుగులు దాటి అనుమతి లేకుండా పొలంలోకి వస్తే అది అక్రమ ప్రవేశమే. తెలిసి చేశారని తేలితే ఏడాది పాటు వేట హక్కు కోల్పోతారు. అక్కడి వేటగాడికి జరిమానా కంటే ఆ ఏడాదే ఎక్కువ బాధ. కాకపోతే ముందు సర్వే చేయించండి. కంచె ఎప్పుడూ సరిగ్గా గీత మీదే ఉండదు. మీ కంచెను నమ్మి కేసు పెట్టి, చివరికి అదే పది అడుగులు బాటలోకి జరిగి ఉందని తేలితే నవ్వులపాలవుతాము.

వ్యాఖ్యాత: మరో శ్రోత, వారిదీ సూఫాల్సే.

రెండో శ్రోత: నమస్తే అండీ. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా ఆఫీసు వాళ్లతో కలిసి వేటకు వెళ్తుంటాను. డాక్టరు గారు చెబుతున్నంత సేపూ నాకు సిగ్గుగానే ఉంది. పోయిన ఏడాది మేమూ ఒక లైను మీద దిగబడ్డాము. పది గంటలకు వేట మొదలుపెట్టేటప్పుడు నేల గట్టిగా ఉంది, మూడింటికి తిరిగి వచ్చేసరికి ఇరుసు దాకా కూరుకుపోయింది. ఒక రైతు ట్రాక్టరుతో లాగి, డబ్బు తీసుకోకుండా, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. మా వైపు నుంచి నియమాలు ఏమిటో చెప్పండి.

న్యాయవాది: తమ్ముడూ, నువ్వు ఏ వీసా మీద ఉన్నావు?

రెండో శ్రోత: హెచ్-1బి అండీ.

న్యాయవాది: విషయం కొంచెం పక్కకు పోతోంది కానీ చెప్పక తప్పదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడాన్ని కేంద్ర చట్టం నిషేధించింది. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీ అయినా ముట్టుకోకు. నీ ఇమిగ్రేషన్ న్యాయవాదిని కూడా ఒకసారి అడుగు.

ఇక బాట సంగతి. మనుషులుండే ఇళ్లకూ, బడులకూ, చర్చిలకూ, పశువులకూ 660 అడుగుల లోపల కాల్చకూడదు. అంటే పది గొలుసుల దూరం. రోడ్డు మీది నుంచి లేచిన పక్షి గానీ, రోడ్డు మీదుగా ఎగురుతున్న పక్షి గానీ పొలం మీదికి వెళ్లినా కాల్చవచ్చని 2003లో చట్టం సవరించారు. దాన్ని భూయజమానులు అసలు సహించలేదు. కొందరు తమ భూముల్లోకి వేట శాఖ అధికారులను కూడా రానివ్వబోమని నిరసన తెలిపారు, మరికొందరు కోర్టుకు వెళ్లారు. 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. చట్టం నీ వైపు ఉంది కానీ, ఆ కోపం ఇంకా చల్లారలేదు. కాబట్టి బురదలో నీ బండి చేసిన గాడిని ఆ రైతు గాడిగా మాత్రమే చూడడు. పక్షి పొలంలో పడితే తుపాకీ బండిలో పెట్టి, నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. బండి తీసుకుని వెళ్లకూడదు.

రెండో శ్రోత: తడిగా ఉన్నప్పుడు వెళ్లకూడదని చట్టంలో ఉందా అండీ?

న్యాయవాది: అన్ని లైన్లకూ వర్తించే అలాంటి నిషేధం కోసం వెతకకు. కనీస నిర్వహణ రోడ్డు అని బోర్డు కనిపిస్తే, నీ పూచీ మీదే వెళ్తున్నావని అర్థం. వాన పడ్డ రోజు బండిని కంకర రోడ్డు అంచున ఆపి అర మైలు నడవండి. ఇందులో మీ స్వార్థం కూడా ఉంది. బాట ఎక్కువ పాడయిన చోటే రైతులు సంతకాలు చేసి ఆ లైను మూసివేయమని కమిషన్‌కు అర్జీ పెడతారు. మూసివేసిన లైను మళ్లీ తెరుచుకోవడం నేను చాలా అరుదుగా చూశాను. ప్రభుత్వ భూమికో చెరువుకో దారితీసే లైనయితే మూయించడం కష్టం గానీ, మిగిలినవి అలా కాదు. ఆ రైతు ఇల్లు గుర్తుందా?

రెండో శ్రోత: గుర్తుందండీ.

న్యాయవాది: ఆ గాడులు ఇంకా అలాగే ఉన్నాయేమో, ఒక పార తీసుకుని వెళ్లి అడుగు.

వ్యాఖ్యాత: ఫార్గో నుంచి ఒకరు, ఉత్తర డకోటాలో కూడా ఇవే నియమాలా అని సందేశం పంపారు.

న్యాయవాది: రాకపోకల హక్కు అక్కడా ఉంది, 33 అడుగుల లెక్కా అదే. వేట విషయంలో తేడా ఉంది. పక్క పొలంలో వేట నిషేధమని యజమాని ప్రకటిస్తే, మామూలుగా ఆ బాట అంచున కూడా వేటాడకూడదు. 2021 నుంచి ఆ ప్రకటన ఆన్‌లైన్‌లో కూడా చేయవచ్చు కాబట్టి, కంచెకు బోర్డు కనబడకపోతే నిషేధం లేదనుకోవద్దు.

వ్యాఖ్యాత: చివరి శ్రోత మినియాపోలిస్ నుంచి, అమ్మాయి ఇంటికి వచ్చిన పల్నాడు రైతు గారు.

మూడో శ్రోత: అమ్మా, నమస్కారం. నాకు భూమీ లేదు, వేటా లేదు ఇక్కడ. మా ఊళ్లో డొంక ఉంది. సర్కారు నక్షాలో ఉంటుంది. నాట్ల రోజుల్లో దమ్ము చేసే కేజ్ వీల్స్ ఊడదీయకుండానే ట్రాక్టర్లు దాని మీద నడుపుతారు. ఎడ్ల బండి కాదు కదా, మనిషి నడవలేడు. పక్కవాడి చేలోంచి పోతే వాడు కర్ర తీస్తాడు. వింటుంటే ఇదీ అదే గొడవ. మన దేశంలో 1972 చట్టంతో వేట ఆపినట్టు ఇక్కడా ఆపేస్తే పోదా?

న్యాయవాది: బాబాయ్ గారూ, వేట ఆపినా మీ డొంక గతి చూశారుగా, చక్రం మారుతుంది గానీ గాడి మారదు. పైగా ఇక్కడ వేట రోజుల్లో వచ్చే జనం మీద బతికే చిన్న ఊళ్లు చాలా ఉన్నాయి. దక్షిణ డకోటాలో మొదటి ఫెజెంట్ వేట 1919లో, స్పింక్ కౌంటీలో, ఒకే ఒక్క రోజు జరిగింది. ఇప్పుడు ఆ పక్షే రాష్ట్ర పక్షి. దాన్ని ఆపమనే ధైర్యం అక్కడి భూయజమానులకే లేదు. వాళ్లలో చాలామంది తామే వేటగాళ్లు. కొందరు తమ పొలాన్ని వేట శాఖకు కౌలుకిచ్చి, కాలినడకన వచ్చే వేటగాళ్లకు తెరుస్తారు. బండి లోపలికి రాదు, యజమానికి డబ్బు వస్తుంది. డాక్టరు గారు అది కూడా ఆలోచించవచ్చు.

వ్యాఖ్యాత: డాక్టరు గారు లైన్‌లోనే ఉన్నారు, మేడమ్. ఒక్క నిమిషం సమయం ఉంది.

మొదటి శ్రోత: మేడమ్, మా కౌలు రైతుకు ఇప్పుడే ఫోన్ చేశాను. తాళం తీసేస్తానన్నాడు. కంకర వాడు మాత్రం బయానా తిరిగి ఇవ్వనంటున్నాడు.

న్యాయవాది: మరి పశువులను లారీ ఎక్కించే చోటు మీ పొలం లోపలే ఉందా, లైనుకు దూరంగా?

మొదటి శ్రోత: ఉందండీ. అక్కడా బురదే.

న్యాయవాది: అయితే కంకర అక్కడ పోయించండి.