వేలితో తడితే భయం పోతుందా?

[తెర మీద దగ్గరగా ఒక ముఖం. రెండు మునివేళ్ళు కనుబొమ్మ మొదట్లో మెల్లగా తడుతుంటాయి. మాట లేదు, ఆ చప్పుడు మాత్రమే.]

ఇతనికి లిఫ్టు ఎక్కాలంటే భయం. రేపు పదహారో అంతస్తులో పని ఉంది. అందుకే ఈ రాత్రి కూర్చుని తన ముఖాన్ని తానే తట్టుకుంటున్నాడు.

చూడటానికి వింతగా ఉంది కదూ? మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. దీని మీద జరిగిన పరిశోధనలు చదివాక నవ్వు తగ్గింది. అనుమానం మాత్రం తగ్గలేదు.

దీని పేరు ట్యాపింగ్. పూర్తి పేరు ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్, పొట్టిగా ఈఎఫ్‌టీ. నిజానికి తట్టడం మనకు కొత్త సంగతేమీ కాదు. పసిబిడ్డను జోకొడతాం. దిగులుగా ఉన్నవాళ్ళ భుజం తడతాం. కానీ ఆ తట్టుడుతో ఏళ్ళ నాటి భయాలు, మనసుకు తగిలిన గాయాలు నయమవుతాయని చెబితే, అప్పుడు రుజువు అడగాల్సిందే.

ముందు అతను ఏం చేస్తున్నాడో చూద్దాం.

[తెర మీద: సున్నా నుంచి పది వరకు గీసిన కొలత. 8 దగ్గర గుర్తు.]

మొదట తన భయానికి తనే మార్కులు వేసుకున్నాడు. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఇక భరించలేను. లిఫ్టు తలుపులు మూసుకునే క్షణాన్ని తలుచుకుంటే అతనికి 8 వచ్చింది. ఈ కొలత ట్యాపింగ్ వాళ్ళ సొంతం కాదు. భయాలకు చికిత్స చేయడంలో పేరుపొందిన మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే వాడిన సున్నా నుంచి వంద కొలతకు ఇది చిన్న రూపం. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

తర్వాత చిటికెన వేలి వైపు అరచేతి అంచును తడుతూ ఒక వాక్యం మూడుసార్లు అనుకోవాలి. “తలుపులు మూసుకుంటే నాకు ఊపిరాడనట్టు ఉంటుంది. అయినా సరే, నన్ను నేను గాఢంగా, సంపూర్ణంగా అంగీకరిస్తున్నాను.” ఇంగ్లీషు వాక్యాన్ని మక్కికి మక్కి దించితే ఇలాగే కృతకంగా ఉంటుంది. “భయముంటే ఉంది, నేను నేనే” అనుకున్నా సరిపోతుంది.

ఇక వరుసగా కనుబొమ్మ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, కాలరు ఎముక కింద, చంక కింద, చివరికి నడినెత్తి. ఒక్కో చోట ఏడెనిమిది తట్లు. తట్టినంతసేపూ “ఆ తలుపులు… ఆ ఉక్క…” అని సమస్యను చిన్న మాటతో గుర్తు చేసుకోవాలి. ఒక చుట్టు అయ్యాక గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, మళ్ళీ మార్కు వేయాలి. మొదట్లో నేర్పిన పొడుగు పద్ధతిలో కళ్ళు గుండ్రంగా తిప్పడం, ఒక రాగం తీయడం, అంకెలు లెక్కపెట్టడం కూడా ఉండేవి. ఇప్పుడు చాలామంది వాటిని వదిలేశారు.

అతని మార్కు 5కు దిగింది. ఇక్కడ ఆగి అతని మాట వినండి. “తలుపుల సంగతి పర్వాలేదు. మధ్యలో ఆగిపోతే ఎవరూ రారేమో అన్నదే అసలు భయం.” పదేళ్ళుగా “లిఫ్టంటే భయం” అని మాత్రమే చెబుతూ వచ్చిన మనిషికి, భయం లోపల ఇంకో భయం కనబడింది. నాకు ఆ తట్టుడు కన్నా ఈ మాట ముఖ్యంగా తోచింది.

[తెర మీద: ఈత కొలను. నీటి అంచున ఆగిన పాదాలు.]

ఇది పుట్టిన కథ చిత్రమైనది. 1980 ప్రాంతంలో అమెరికాలో రోజర్ కల్లాహన్ అనే మనస్తత్వవేత్త దగ్గరకు నీళ్ళంటే విపరీతంగా భయపడే ఒక మహిళ వచ్చేది. ఎంతకాలం చికిత్స చేసినా పెద్దగా గుణం కనిపించలేదు. ఒకరోజు ఆమె ఆ భయం కడుపులో తెలుస్తోందని చెప్పింది. సంప్రదాయ చైనా వైద్యం ప్రకారం జీర్ణాశయానికి చెందిన మెరిడియన్, అంటే ప్రాణశక్తి ప్రవహించే దారి, కంటి కింద మొదలవుతుంది. కల్లాహన్ అక్కడ తట్టమన్నాడు. కాసేపటికే భయం పోయిందంటూ ఆమె కొలను వైపు నడిచిందని ఆయన చెప్పుకున్నాడు.

కాకి వాలగానే తాటిపండు రాలితే దాన్ని కాకతాళీయం అంటాం. కల్లాహన్ అలా అనుకోలేదు. ఒక్కో బాధకు ఒక్కో తట్టుడు వరుస ఉందంటూ థాట్ ఫీల్డ్ థెరపీ అనే పద్ధతిని కట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివినవాడు. ఏ మర వదులైందో వెతుక్కుంటూ కూర్చోవడమెందుకు, అన్నీ ఒకసారి బిగించేస్తే పోలేదా అన్నట్టుగా, ఏ సమస్యకైనా అవే చోట్లు తట్టమన్నాడు. 1990ల్లో అలా వచ్చిందే ఈఎఫ్‌టీ.

వరుస మారినా ఫలితం వస్తోందంటే, ఏ బాధకు ఏ వరుస అన్న గురువుగారి సూత్రం ఏమైనట్టు? ఈ ప్రశ్నను అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

[తెర మీద: ఒక గుడ్డ బొమ్మ. దాని నుదుటిని ఒక వేలు తడుతోంది.]

2003లో వెలువడిన ఒక ప్రయోగం పట్టించుకుంది. రకరకాల భయాలున్న 119 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను నాలుగు జట్లు చేశారు. మొదటి జట్టు ఈఎఫ్‌టీ చెప్పిన చోట్లే తట్టింది. రెండో జట్టు ఏ మెరిడియన్‌తోనూ సంబంధం లేని చోట్ల తట్టింది. మూడో జట్టు తమను కాదు, ఒక బొమ్మను తట్టింది. నాలుగో జట్టు అసలు తట్టలేదు.

నాలుగో జట్టులో భయం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా మూడింటిలోనూ తగ్గింది, ఇంచుమించు ఒకేలా. బొమ్మను తట్టినవాళ్ళకు కూడా!

ట్యాపింగ్ సమర్థకులు దీనికి ఒక జవాబు చెప్పారు. బొమ్మను తట్టింది వేళ్ళతోనే కదా, మునివేళ్ళలోనూ ఆక్యుపంక్చర్ బిందువులు ఉంటాయి కదా అన్నారు. తెలివైన జవాబే. కాకపోతే ఈ లెక్కన ఎక్కడ తట్టినా సరైన చోటే అవుతుంది. ఏ ప్రయోగానికీ దొరకని సిద్ధాంతాన్ని ప్రయోగంతో తేల్చడం ఎవరి తరం? పైగా మెరిడియన్లు అనే నిర్మాణాలు శరీర నిర్మాణ శాస్త్రానికి ఇంతవరకు కనిపించలేదు.

మరి భయం ఎందుకు తగ్గినట్టు?

[తెర మీద: ఊదా రంగు టోపీ.]

అదే ఏడాది జెరాల్డ్ రోసెన్, జెరాల్డ్ డేవిసన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక ఊహ చేశారు. భయమున్న మనిషిని మెల్లమెల్లగా ఆ భయానికి ఎదురుగా నిలబెట్టడం పాత చికిత్స, పనిచేసే చికిత్స. ఆ పని చేయిస్తూనే తల మీద ఊదా రంగు టోపీ పెట్టించామనుకోండి. భయం తగ్గుతుంది. అప్పుడు దానికి ఊదా టోపీ చికిత్స అని పేరు పెట్టి అమ్మితే?

ట్యాపింగ్‌లో వేలు ఆ టోపీయేనా అన్నదే అసలు ప్రశ్న. మన లిఫ్టు మనిషి చేసినవి వరసగా చూడండి. తప్పించుకోకుండా తలుపుల్ని తలుచుకున్నాడు. భయానికి పేరు పెట్టి పైకి అన్నాడు. భయపడుతున్నందుకు తనను తాను తిట్టుకోవడం మానాడు. ఊపిరి నెమ్మదించాడు. అంతా అయ్యాక మార్కు వేసి, తేడాను తనే గమనించాడు. ఇవన్నీ మనోచికిత్సకు పాత చుట్టాలే. వోల్పే కొలత సంగతి అందుకే గుర్తుంచుకోమన్నాను.

అలాగని వేలికి ఏ పాత్రా లేదని కొట్టిపారేయలేను. భయపెట్టే ఊహను పట్టుకుని, అదే సమయంలో తట్లు లెక్కపెడుతూ, చోటు మారుస్తూ ఉంటే మనసు రెండు పనుల మధ్య చీలుతుంది. ఆ ఊహ పదును తగ్గడానికి అది ఒక కారణం కావచ్చు. మెత్తటి, ఒకే లయ ఉన్న స్పర్శ ఒంటిని నెమ్మదింపజేయడమూ సహజమే.

ఇక అనుకూలంగా ఉన్న లెక్కలు. 2012లో 83 మంది మీద జరిగిన అధ్యయనంలో, గంటసేపు ట్యాపింగ్ చేసినవాళ్ళలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ సుమారు 24 శాతం తగ్గింది. ఊరికే విశ్రాంతిగా కూర్చున్నవాళ్ళలో కూడా 14 శాతం తగ్గిందన్న సంగతిని ప్రచార వీడియోలు తరచూ దాటేస్తాయి. 2013లో యుద్ధానుభవాలతో తీవ్రంగా బాధపడుతున్న 59 మంది మాజీ సైనికుల మీద మరో అధ్యయనం వెలువడింది. ఆరు గంటల చికిత్స తర్వాత ట్యాపింగ్ జట్టులో 90 శాతం మంది లక్షణాలు రోగ నిర్ధారణ స్థాయి కన్నా కిందికి వచ్చాయి.

అంకె ఘనంగా ఉంది. కానీ పోలిక ఎవరితో? ఈ చికిత్స కోసం వేచి ఉన్నవాళ్ళతో. నిరూపితమైన మరో చికిత్సతో కాదు. కొలిచినది బాధితులే నింపిన ప్రశ్నపత్రంతో. రెండు అధ్యయనాలకూ నాయకత్వం వహించింది ఈ పద్ధతిని నేర్పే వ్యక్తే. అబద్ధమని అనడం లేదు. తన బిడ్డకు తానే పరీక్ష పెట్టినప్పుడు ఇంకొకరు కూడా పేపరు దిద్దితే బాగుంటుంది అంటున్నాను.

పెద్ద సంస్థల తీరూ ఇలాగే ఉంది. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్, 2018లో ట్రామా తర్వాతి ఒత్తిడి రుగ్మతకు ఈఎఫ్‌టీని చికిత్సగా సిఫార్సు చేయలేదు. దాని మీద పరిశోధన జరగాలని మాత్రం సిఫార్సు చేసింది. తలుపు మూయలేదు, లోపలికీ రమ్మనలేదు.

పోల్చి చూడాల్సింది ఈఎండీఆర్‌తో. 1980ల చివర్లో ఫ్రాన్సీన్ షాపిరో రూపొందించిన ఈ పద్ధతిలో గాయపడ్డ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళు అటూఇటూ కదపాలి. కొన్నిసార్లు చేతుల మీద తట్టడమూ ఉంటుంది. దీన్నీ మొదట ఊదా టోపీ అనే వెక్కిరించారు. కళ్ళ కదలికకు ఎంత పాత్ర ఉందన్న వాదన ఇంకా తెగలేదు. అయినా తగినన్ని గట్టి పరీక్షలు నెగ్గింది కాబట్టి 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫార్సు చేసింది. వింతగా కనిపించడం నేరం కాదన్నమాట. పరీక్షకు నిలబడాలి, అంతే.

[తెర మీద: రెండు కుర్చీలు. ఎదురెదురుగా థెరపిస్టు, లిఫ్టు మనిషి.]

ఇవాళ కొందరు థెరపిస్టులు ట్యాపింగ్‌ను అసలు చికిత్స పక్కన ఒక చేతి ఆసరాగా వాడుతున్నారు. కష్టమైన సంగతి మాట్లాడాక మనసు కుదుటపడటానికి, పరీక్ష ముందు గుండెదడ తగ్గడానికి అలా వాడితే నాకు అభ్యంతరం లేదు. ఖర్చు లేదు, హాని తక్కువ.

కానీ లైంగిక దాడి, యుద్ధం, చిన్ననాటి హింస లాంటి జ్ఞాపకాలను వీడియో చూస్తూ ఒంటరిగా తవ్వుకోవద్దు. తట్టుడు ఆగాక ఆ జ్ఞాపకం ఆగకపోవచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వెంటనే వైద్యుణ్ణి, దగ్గరివాళ్ళను పిలవాలి. వాడుతున్న మందులు సొంతంగా మానకూడదు. క్యాన్సర్ కూడా ట్యాపింగ్‌తో పోతుందని ఎవరైనా చెబితే ఆ వీడియో అక్కడే ఆపేయండి.

మన లిఫ్టు మనిషికి అతని థెరపిస్టు ఇంకో మాట చెప్పింది. “తడుతూ ఎక్కండి, తప్పులేదు. కానీ తడితేనే ఎక్కగలను అనే దాకా వస్తే, లిఫ్టు భయం పోయి వేలి మీద నమ్మకం మిగిలినట్టు. అది కొత్త సంకెల అవుతుంది.”

మర్నాడు మొదటిసారి కాలరు ఎముక కింద తడుతూనే ఎక్కాడు. రెండోసారీ అంతే. మధ్యాహ్నానికి ఏడోసారి ఎక్కాడు.

[తెర మీద: మూసుకుంటున్న లిఫ్టు తలుపులు. లోపల అతను. రెండు చేతుల నిండా ఫైళ్ళు.]