జూమ్ కెమెరా కొనే ముందు: 65ఎక్స్ చూడకండి, ఎంఏహెచ్ కూడా చూడకండి

నమస్కారమండీ. జూమ్ బాగుండాలి, బ్యాటరీ ఎక్కువసేపు రావాలి, లెన్సులు మార్చే గొడవ ఉండకూడదు. మీకు కావలసింది ఇదే అయితే దాన్ని బ్రిడ్జ్ కెమెరా అంటారు. ఇదిగో, ఇలా ఉంటుంది. లెన్స్ ఊడదు, బాడీతోనే వస్తుంది. లెన్సులు మార్చుకునే డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల జోలికి ఈ వీడియోలో వెళ్ళను. అక్కడ పొడుగు లెన్స్ ఒక్కటే బాడీని మించిన ఖరీదు అవుతుంది, ఆ లెక్క వేరు.

చెన్నైలో ఉంటున్నారు, ఆదివారం పొద్దున్నే పళ్ళికరణై చిత్తడి దగ్గర పిట్టల్ని తీద్దామనుకుంటున్నారు, సీజన్‌లో పక్షులు చేరే వేడంతాంగల్, నేలపట్టు, పులికాట్ వెళ్తారు. అలాంటివాళ్ళని మనసులో పెట్టుకుని చెప్తాను. పెళ్ళి ఫోటోలకి, ఇంట్లో పిల్లల ఫోటోలకి అయితే ఇది మీ కెమెరా కాదు, ఫోన్ చాలు.

సరే, స్క్రీన్ చూడండి. నాలుగు ట్యాబ్‌లు తెరిచాను. కెనాన్ ఎస్ఎక్స్70, నికాన్ పీ950, నికాన్ పీ1000, సోనీ ఆర్ఎక్స్10 ఫోర్. మీరు కొనే రోజుకి వీటిలో ఏది కొత్తది దొరుకుతుందో, ఏది సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుందో షాపులో తేలుతుంది. మోడల్ మారినా చూసే పద్ధతి మారదు. షాపింగ్ సైట్‌లో స్పెసిఫికేషన్స్ చదవకండి, అక్కడ సగం తప్పులుంటాయి. కంపెనీ సైట్‌కి వెళ్ళండి, స్పెసిఫికేషన్స్ పేజీ తెరవండి, కంట్రోల్ ఎఫ్ కొట్టండి, 35 అని టైప్ చేయండి. పేజీ అంతా కిందికి లాగుతూ కూర్చోవద్దు. ఇదిగో, నేరుగా ఇక్కడికి వచ్చేసింది. కెనాన్‌ది 35 ఎంఎం ఈక్వివలెంట్, 21 నుంచి 1365. అన్ని కెమెరాల జూమ్‌నీ ఒకే కొలతలోకి మార్చి చెప్పే నంబర్ ఇది.

ఈ రెండో నంబరే మనకి కావాలి. 1365. పెట్టె మీద పెద్దగా 65ఎక్స్ అని ఉంటుంది కదా, అది 1365ని 21తో భాగిస్తే వచ్చింది. అంతే. ఎంత దూరం లాగుతుందో ఆ ఎక్స్ చెప్పదు. 24 నుంచి 720 వరకూ వెళ్ళేదీ 30ఎక్సే, 20 నుంచి 600 వరకూ వెళ్ళేదీ 30ఎక్సే. ఇంకోటి, లెన్స్ చుట్టూ రింగు మీద రాసుంటుంది చూడండి, దగ్గరికి చూపిస్తాను... 3.8 నుంచి 247. కంగారు పడకండి. అది లెన్స్ అసలు కొలత. సెన్సర్ చిన్నది కాబట్టి 1365తో సమానం అవుతుంది. పీ1000 రింగు మీద 4.3 నుంచి 539 ఉంటుంది, సమానంగా 24 నుంచి 3000. రింగు నంబర్‌ని రింగు నంబర్‌తో పోల్చొద్దు. ఈక్వివలెంట్‌ని ఈక్వివలెంట్‌తోనే పోల్చాలి.

ఇప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. పిట్ట ఎంత దూరంలో ఉందో మీటర్లలో వేయండి, 36తో గుణించండి, ఆ ఈక్వివలెంట్ ఎంఎంతో భాగించండి. ఫ్రేమ్‌లో అడ్డంగా ఎన్ని మీటర్లు పడుతుందో సుమారుగా వచ్చేస్తుంది. పళ్ళికరణైలో రేడియల్ రోడ్డు పక్క నుంచి చూస్తే పిట్ట 50 మీటర్ల లోపు రావడమే అదృష్టం, 50 వేద్దాం. 600 ఎంఎం సోనీలో ఫ్రేమ్ 3 మీటర్లు. 1365 కెనాన్‌లో మీటరు ముప్పావు... కాదు కాదు, 1.32 మీటర్లు. పీ950, 2000 ఎంఎం, 90 సెంటీమీటర్లు. పీ1000 అయితే 60.

లకుముకి పిట్ట, ఆ తెల్ల గొంతుది, 28 సెంటీమీటర్లు ఉంటుందనుకోండి. 3 మీటర్ల ఫ్రేమ్‌లో అది పదో వంతు కూడా రాదు. సోనీ ఫోటో అడ్డంగా 5472 పిక్సెల్స్, అందులో పిట్టకి వచ్చేది 500 చిల్లర. కెనాన్‌లో 1100, పీ950లో 1400 పైన. అదే గూడబాతు అయితే దానంతట అదే మీటరున్నర దగ్గర ఉంటుంది, 600 చాలు, 2000 పెడితే సగం పక్షి బయటే. మీరు తీసేది లకుముకినా, గూడబాతునా? ముందు అది తేల్చుకోండి, కెమెరా తర్వాత.

మరి అందరూ పీ1000 కొనేస్తే సరిపోతుంది కదా అంటే, సరిపోదు. అదే పేజీలో ఎఫ్ నంబర్ చూడండి. లెన్స్ ఎంత వెలుతురు లోపలికి రానిస్తుందో చెప్పేది అది, నంబర్ పెరిగితే వెలుతురు తగ్గుతుంది. మళ్ళీ రెండు ఉంటాయి, మళ్ళీ రెండోదే మనకి కావాలి. ఎఫ్ 2.8 అని పెద్దక్షరాల్లో వేసేది జూమ్ చేయనప్పటి సంగతి. పూర్తిగా జూమ్ చేస్తే పీ1000 ఎఫ్ 8, పీ950, కెనాన్ రెండూ ఎఫ్ 6.5, సోనీ ఎఫ్ 4. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8కి వెళ్తే వెలుతురు నాలుగో వంతే లోపలికి వస్తుంది. సోనీలో సెకనులో వెయ్యో వంతుకి వచ్చే ఫోటో, అదే ఐఎస్ఓలో, అంటే సెన్సర్ వెలుతురుకి స్పందించే సెట్టింగ్ మార్చకుండా, పీ1000లో 250వ వంతు దగ్గర ఆగిపోతుంది. స్టెబిలైజర్ ఉంది కదా అంటారు. ఉంది, మీ చెయ్యి వణుకుని ఆపుతుంది. పిట్ట మెడ తిప్పడాన్ని ఆపదు. ఐఎస్ఓ పెంచుదామంటే ఈ చిన్న సెన్సర్లలో 800 దాటితే ఈకలు మెత్తబడి ముద్దలాగా కనిపిస్తాయి. సోనీ సెన్సర్ వైశాల్యం వీటికి నాలుగు రెట్లు, అందుకే సాయంత్రం పూట అదే గెలుస్తుంది.

చెన్నైలో ఇంకో ఇబ్బంది ఎండ. పది దాటాక నీళ్ళ మీద నుంచి, రోడ్డు మీద నుంచి వేడి లేస్తుంది, గాలి వణుకుతుంది. ఆ వణుకుని 3000 ఎంఎం లెన్స్ ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. ఏ ఖరీదైన లెన్సూ దాన్ని సరిచేయదు. నా ఓటు అయితే 1200 నుంచి 2000 మధ్య. 3000 చందమామకి బాగుంటుంది, ఫ్రేమ్‌లో అడ్డంగా ముప్పావు వంతు నిండుతుంది. కానీ పీ1000 బరువు 1.4 కిలోలు. కెనాన్ 610 గ్రాములే. మెడలో తగిలించుకుని నాలుగు గంటలు నడిచేది మీరే.

డిజిటల్ జూమ్ గురించి గబగబా చెప్పేస్తాను. మెనూలో ఆఫ్ చేసేయండి. అది జూమ్ కాదు, ఫోటోని కత్తిరించి సాగదీయడం. నికాన్‌లో డైనమిక్ ఫైన్ జూమ్, కెనాన్‌లో జూమ్ ప్లస్, సోనీలో క్లియర్ ఇమేజ్ జూమ్, పానసోనిక్‌లో ఐ.జూమ్. పేర్లు ఘనంగా ఉంటాయి, పని మాత్రం కాస్త తెలివిగా కత్తిరించడమే. ఎవరైనా నమూనా ఫోటో చూపించి ఇది మా కెమెరా జూమ్ అంటే, ఒరిజినల్ ఫైల్ అడగండి, ఫోటో ఫైల్‌లో దాగిన వివరాలు చూపించే ఎగ్జిఫ్‌టూల్‌లో పడేయండి. ఉచితం, నాకు బాగా ఇష్టమైన టూల్. ఇదిగో ఈ లైన్, డిజిటల్ జూమ్ రేషియో. 1 దాటిందంటే కత్తిరించారన్నమాట. కొన్ని కంపెనీలు ఈ లైన్ నింపవు, అప్పుడు ఇలా తేలదు.

ఇప్పుడు బ్యాటరీ. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

రెండు బ్యాటరీలు పక్కపక్కన పెట్టాను. ఇది సోనీ చిన్న కెమెరాల్లో వచ్చే ఎన్‌పీ-బీఎక్స్1. లేబుల్ మీద 1240 ఎంఏహెచ్, అంటే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే నంబర్. ఇది కెనాన్ ఎస్ఎక్స్70లో వచ్చే ఎల్‌పీ-ఈ12, 875 ఎంఏహెచ్. ఏది పెద్దది? 1240 అంటారు. కాదు. వోల్టులు చూడండి. ఇది 3.6, ఇది 7.2. కెనాన్ దాంట్లో రెండు సెల్స్ వరసగా ఉన్నాయి. వోల్టుల్ని ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్, అంటే బ్యాటరీలో ఉన్న అసలు శక్తి. 1240 ఉన్నదానికి 4.5 వస్తుంది, 875 ఉన్నదానికి 6.3. చిన్న నంబర్ ఉన్నదే పెద్ద బ్యాటరీ! చాలావాటి మీద ఈ వాట్ అవర్ కూడా చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, ఇదిగో, డబ్ల్యూహెచ్ అని. దాన్నే చూడండి.

అయితే వాట్ అవర్ దగ్గర కూడా ఆగకూడదు. నికాన్ పీ950 బ్యాటరీ 8 వాట్ అవర్, కెనాన్‌ది 6.3. కానీ కంపెనీలు చెప్పే షాట్లు చూస్తే పీ950కి 290, కెనాన్‌కి 325. పీ1000దీ పీ950 బ్యాటరీయే, దానికి 250. పెద్ద గాజు ముక్కల్ని ముందుకీ వెనక్కీ తోసే మోటారు, స్టెబిలైజర్, ఫోకస్, అన్నీ తింటాయి కాబట్టి. బ్యాటరీ ఒక్కదాన్నీ చూస్తే తెలియదు, కెమెరా తిండి కూడా చూడాలి. అందుకే ఈ షాట్ల నంబరే మనకి కావలసింది. దీన్ని సీపా రేటింగ్ అంటారు. సీపా అంటే జపాన్ కెమెరా కంపెనీల సంఘం. స్పెసిఫికేషన్స్ అడుగున ఉంటుంది, కంట్రోల్ ఎఫ్ కొట్టి CIPA అని ఇంగ్లీషులో వెతకండి.

ఈ సీపా నంబర్ ఎలా వస్తుందో తెలిస్తేనే వాడుకోగలం. గది ఉష్ణోగ్రత 23 డిగ్రీలు. 30 సెకన్లకి ఒక ఫోటో. ఫోటో ఫోటోకి జూమ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి. ఫోటో విడిచి ఫోటోకి ఫ్లాష్. పది ఫోటోలకొకసారి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్. మనం అలా తీస్తామా? తీయం. మనం ఫ్లాష్ వేయం, అది లాభం. కానీ కొమ్మ మీద పిట్ట ఎగిరేదాకా కెమెరా ఆన్‌లో పెట్టి కన్ను ఆనించి కూర్చుంటాం, అది నష్టం. ఎగరగానే ఒకేసారి పది ఫోటోలు కొడతాం, వాటికి పెద్దగా ఏమీ ఖర్చవదు. అంటే మన ఖర్చు షాట్లలో లేదు, ఆన్‌లో ఉన్న సమయంలో ఉంది.

కాబట్టి షాట్లని గంటలుగా మార్చుకోండి. 30 సెకన్లకి ఒకటి అంటే గంటకి 120. సీపా నంబర్‌ని 120తో భాగించండి. కెనాన్ 325, రెండు గంటల నలభై నిమిషాలు. పీ950, రెండు గంటల పాతిక. పీ1000, రెండు గంటల పైన కాస్త. సోనీ ఆర్ఎక్స్10 ఫోర్‌కి సుమారు 400, మూడు గంటల ఇరవై. ఇది ఉజ్జాయింపే, అయినా బ్యాగ్ సర్దుకోవడానికి చాలు. వేడంతాంగల్‌లో పొద్దున ఆరు నుంచి పది దాకా అంటే నాలుగు గంటలు. వీటిలో ఏదైనా సరే, రెండో బ్యాటరీ ఉండాలి. వీడియో తీస్తారంటే మూడు.

రెండోది బయట కంపెనీది కొనొచ్చా? కొనొచ్చు, ఒక్కటి చూడండి. అదే ఎల్‌పీ-ఈ12 సైజు, మీద 1800 ఎంఏహెచ్ అని రాస్తే అక్కడే పెట్టేసి వచ్చేయండి. అదే డబ్బాలో రెండింతలు పట్టదు. వెయ్యి లోపు రాసినవాడు కొంచెం నిజం మాట్లాడుతున్నాడు. లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అనే నంబర్ ఉందా చూడండి. కొంచెం ఉబ్బినట్టున్నా కెమెరాలో పెట్టొద్దు, స్లాట్‌లో ఇరుక్కుంటే తీయడం నరకం. మే నెలలో కారు డాష్‌బోర్డ్ మీద బ్యాటరీలు వదిలేస్తే ఉబ్బడానికి దారి అదే.

ఛార్జింగ్ ఎలాగో కూడా చూడండి. పీ950, పీ1000 లాంటివి మైక్రో యూఎస్‌బీ. వాటి తర్వాత వచ్చిన నికాన్ పీ1100 యూఎస్‌బీ-సీ. యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కెమెరాలకి కూడా సీ తప్పనిసరి చేశారు, కొత్త మోడల్స్ అటే వెళ్తున్నాయి. యూఎస్‌బీ ఉన్నా విడి ఛార్జర్ ఒకటి కొనండి. లేకపోతే ఒక బ్యాటరీ ఛార్జ్ అయ్యేంతసేపూ కెమెరా గోడకి కట్టేసినట్టే.

రిచీ స్ట్రీట్ వెళ్ళినా, మౌంట్ రోడ్డులో షోరూమ్‌కి వెళ్ళినా, మీ ఎస్‌డీ కార్డ్ మీరు తీసుకెళ్ళండి. కెమెరాలో వేయండి, డిజిటల్ జూమ్ ఆఫ్, పూర్తిగా లాగండి, వీధి అవతలి బోర్డు మీద చిన్న అక్షరాలు తీయండి. నాలుగు మూలలు చూడండి, ఒక మూలే మసకగా ఉంటే లెన్స్ వంకరగా కూర్చుంది. జూమ్ ఐదారుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి, గరగర వినిపించకూడదు, మధ్యలో ఆగకూడదు. సెకండ్‌హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్ వేసి లెన్స్‌లోకి ఏటవాలుగా చూడండి, సాలెగూడులాగా సన్నని తీగలు కనిపిస్తే ఫంగస్. చెన్నై తేమకి అది మామూలే, కానీ ఊడని లెన్స్ కాబట్టి శుభ్రం చేయించాలంటే కెమెరా మొత్తం విప్పాలి. వద్దు. బిల్లు మీద సీరియల్ నంబర్, జీఎస్టీ, ఇండియా వారంటీ. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆ తగ్గింపు రిపేర్‌లో కట్టాలి.

ఇంటికొచ్చాక మెనూ. బ్లూటూత్, వైఫై ఆఫ్, లేదా ఎయిర్‌ప్లేన్ మోడ్. ఫోటో తీశాక చూపించే ఇమేజ్ రివ్యూ ఆఫ్. ఆటో ఆఫ్ ఒక నిమిషం. పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేస్తూ ఉండకండి, ప్రతిసారీ లెన్స్ మొత్తం బయటికి రావాలి, మోటారు తింటుంది. స్టాండ్‌బైలోకి వెళ్ళనివ్వండి, షట్టర్ సగం నొక్కితే లేస్తుంది.

చివరగా ఈ బటన్. నికాన్‌లో లెన్స్ పక్కన ఉంటుంది, స్నాప్ బ్యాక్ జూమ్. కెనాన్‌లో ఫ్రేమింగ్ అసిస్ట్. 2000 ఎంఎంలో పిట్ట ఫ్రేమ్ దాటిపోతే మళ్ళీ దొరకదు, ఆకులే కనిపిస్తాయి. ఇది నొక్కి పట్టుకోండి, జూమ్ వెనక్కి వస్తుంది, పిట్టని మధ్యలోకి తెచ్చుకోండి, వదిలేయండి, మళ్ళీ అంత దూరమూ అదే వెళ్తుంది. పళ్ళికరణై వెళ్ళే ముందు మేడ మీద కాకుల మీద ఓ అరగంట ప్రాక్టీస్ చేయండి, చూడకుండానే వేలు ఆ బటన్ మీదికి వెళ్ళేదాకా.