ముగ్గురా, ఒక్కడా అన్నది కాదు తగవు

అందరికీ వందనాలు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న క్రైస్తవ బోధ, అంటే త్రిత్వం, గురించి ఎత్తగానే ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘త్రిత్వం’ అనే మాట బైబిల్లో ఎక్కడుంది? ఎక్కడా లేదు. లాటిన్‌లో ఆ మాటను స్థిరపరిచింది మూడో శతాబ్దం మొదట్లో రాసిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్. అయితే మాట లేనంత మాత్రాన విషయం లేదనడానికి వీల్లేదు. విషయం ఉందని అందరూ ఒప్పుకున్నారనడానికీ వీల్లేదు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసు ‘నేనును తండ్రియును ఏకమై యున్నాము’ అంటాడు. నాలుగు అధ్యాయాలు దాటాక ఆయనే ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అంటాడు. కొందరు మొదటి మాట పట్టుకుని రెండోదానికి సర్దిచెబుతారు, కొందరు రెండోది పట్టుకుని మొదటిదానికి సర్దిచెబుతారు.

ఒకటీ ఒకటీ ఒకటీ కలిపితే మూడు కదా, ఒకటెలా అవుతుందని ఎగతాళి చేసేవాళ్లున్నారు. కలపకండి, హెచ్చవేయండి, అప్పుడు ఒకటే వస్తుందని జవాబు చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ నచ్చవు. ఇంకొందరు నీళ్లు, మంచు, ఆవిరి పోలిక తెస్తారు. ఒకే నీరు మూడు రూపాల్లో ఉన్నట్టు దేవుడూ అంతేనంటారు. త్రిత్వాన్ని కాపాడుతున్నామనుకుని చెప్పే ఈ పోలిక నిజానికి సబెల్లియస్ బోధకు దగ్గర. ఒకే దేవుడు మూడు వేషాల్లో కనిపించాడన్న ఆ బోధను సంఘం ఎప్పుడో మూడో శతాబ్దంలోనే తోసిపుచ్చింది.

అసలు తగవు లెక్క గురించి కాదు. యేసు ఎవరు అన్నదే తగవు.

నాలుగో శతాబ్దం మొదట్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘపెద్ద ఉండేవాడు. కుమారుడు లేని వేళ ఒకటి ఉండేది అన్నది ఆయన వాదం. ఓడల మీద పనిచేసేవాళ్లు పాడుకునేలా దాన్ని పాటలు కూడా కట్టాడంటారు. ఆయన్ని దుర్మార్గుడిగా చూపించడం మనకు అలవాటైంది గానీ, ఆయన బాధ ఆయనది. దేవుడు ఒక్కడే, ఆ స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టకూడదన్నదే ఆయన పట్టుదల. ఎదుటి పక్షంలో నిలిచిన అతనాసియస్ ప్రశ్న కూడా తేలిగ్గా తీసేయదగింది కాదు: కుమారుడు కూడా సృష్టే అయితే, సాటి సృష్టిని ఎలా రక్షిస్తాడు?

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 325లో, ఇప్పటి టర్కీలో ఉన్న నైసియాలో బిషప్పులను సమావేశపరిచాడు. సుమారు 300 మంది వచ్చారు. కుమారుడు తండ్రితో ‘హోమోఊసియోస్’, అంటే ఒకే సారం గలవాడు, అని రాసుకున్నారు. ఇదీ బైబిల్లో లేని మాటే. తర్వాతి దశాబ్దాల్లో కొందరు మధ్యేమార్గంగా ‘హోమోయిఊసియోస్’ అన్నారు, అంటే పోలిన సారం గలవాడు. రెంటికీ మధ్య తేడా గ్రీకులో ఒక్క ‘అయోటా’ అక్షరం. మన సున్నా కంటే చిన్న గీత. ఆ గీత కోసమా ఇంత గొడవ అని నవ్వేవాళ్లుంటారు. ‘మా నాన్న’కీ ‘మా నాన్న లాంటివాడు’కీ ఎంత తేడా ఉందో ఆలోచిస్తే నవ్వు రాదు.

నైసియాతో అంతా సద్దుమణిగిందనుకుంటే పొరపాటు. కాన్‌స్టాంటైన్ చివరికి 337లో మరణశయ్య మీద బాప్తిస్మం తీసుకున్నది అరియస్ పక్షాన ఉన్న బిషప్ చేతనే! అలెగ్జాండ్రియా బిషప్ అయిన అతనాసియస్‌ను అయిదుసార్లు ఊరు నుంచి వెళ్లగొట్టారు. కాన్‌స్టాంటినోపుల్ వీధుల్లో చిల్లర అడిగితే జనితుడు (పుట్టినవాడు), అజనితుడు (పుట్టనివాడు) అంటూ చర్చ మొదలెడతారని, రొట్టె ధర అడిగితే తండ్రి గొప్పవాడు, కుమారుడు తక్కువవాడు అంటారని నిస్సా బిషప్ గ్రెగరీ విసుక్కున్నాడు. ఆ నగరంలోనే 381లో జరిగిన మహాసభ పరిశుద్ధాత్మ గురించి కూడా తేల్చింది.

ఆ తర్వాత తూర్పు, పడమర సంఘాలు ఇంకో మాట దగ్గర తెగిపోయాయి. విశ్వాస ప్రమాణంలో ఆత్మ తండ్రి నుంచి బయలుదేరుతున్నాడని ఉన్నచోట ‘కుమారుని నుంచీ’ అని పడమటివాళ్లు చేర్చుకున్నారు. 1054 నాటి చీలికకు ఇదొక్కటే కారణం కాదు గానీ, ఈనాటికీ ఆ మాట చేసిన గాయం మానలేదు.

1553లో జెనీవాలో త్రిత్వాన్ని ఖండించాడని స్పెయిన్‌కు చెందిన వైద్యుడు మైకేల్ సెర్వెటస్‌ను సజీవదహనం చేశారు. మంటల్లో ‘నిత్యుడైన దేవుని కుమారుడా, నన్ను కరుణించు’ అని అరిచాడంటారు. ‘దేవుని నిత్య కుమారుడా’ అని ఉంటే వాళ్లు కోరిన ఒప్పుకోలు అదే అయ్యేది. ‘నిత్య’ అనే విశేషణం ఎవరి పక్కన పెట్టాలన్న విషయంలో చివరి ఊపిరిదాకా పట్టు వదల్లేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా, చంపినవాళ్లను సమర్థించే వాదన ఏదీ నాకు దొరకదు.

ఇక నేటి సంగతి. యెహోవాసాక్షులు యేసును దేవుని మొదటి సృష్టి అంటారు, త్రిత్వాన్ని ఒప్పుకోరు. ఏకత్వ పెంతెకొస్తు సంఘాలు ఇంకో దారి. యేసే తండ్రి, ఆయనే ఆత్మ అంటాయి. అమెరికాలో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916లో ఈ విషయం మీదే చీలింది, 150 మందికి పైగా సేవకులు బయటికి వెళ్లిపోయారు. తగవు బాప్తిస్మపు నీళ్ల దగ్గర మొదలైంది. మత్తయి 28:19 ప్రకారం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలో ముంచాలా, అపొస్తలుల కార్యములు 2:38 ప్రకారం యేసుక్రీస్తు నామంలో ముంచాలా? త్రియేక నామంలో బాప్తిస్మం పొంది వచ్చినవాళ్లను ఏకత్వ సంఘాల్లో యేసు నామంలో మళ్లీ ముంచుతారు.

సరే, మాటలు ఒకటే అయితే గొడవ ఉండదా? లాటర్ డే సెయింట్స్ సంఘం (మోర్మన్లు) కూడా బాప్తిస్మంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే అంటుంది. అయినా ఆ బాప్తిస్మం చెల్లదని 2001లో వాటికన్ తేల్చింది. వాళ్లు ఆ మూడు పేర్లతో పిలిచేది కాథలిక్కులు పిలిచే దేవుణ్ణి కాదు అన్నది కారణం. నైసియాలో ఒకే విశ్వాసాన్ని కొత్త మాటతో చెప్పారు, ఇక్కడ మాటలు అవే ఉన్నా విశ్వాసం ఒకటి కాదన్నారు.