మెదడు పైపొర ఏ వారంలో ఏం కడుతుంది
(తిరుపతిలో నర్సింగ్ విద్యార్థులు, అంగన్‌వాడీ కార్యకర్తల కోసం రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మెదడు బొమ్మలో ముడతలు ముడతలుగా కనిపించేదే కార్టెక్స్. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. విప్పి పరిస్తే సుమారు 2000 చదరపు సెంటీమీటర్లు, అంటే ఎటు కొలిచినా దాదాపు ఒకటిన్నర అడుగు. మెదడులోని 8600 కోట్ల న్యూరాన్లలో (నాడీకణాల్లో) ఇక్కడున్నవి 1600 కోట్లే, మిగతావాటిలో ఎక్కువ భాగం చిన్నమెదడువి. అంకెలు ఇక చాలు. మీ పనికి కావలసింది క్యాలెండర్.

మొదటి గడువు గర్భం నిలిచాక 28వ రోజు. అప్పటికల్లా మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం రెండు కొసలా మూసుకోవాలి. పై కొస మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. కింది కొస మూసుకోకపోతే వెన్ను తెరుచుకుని ఉండిపోయే స్పైనా బిఫిడా. 28వ రోజంటే నెల తప్పాక రెండు వారాలు. చాలామంది ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకునేది అది దాటాకే. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను గర్భానికి కనీసం నెల ముందునుంచే వేసుకోవాలి. నాలుగో నెలలో మొదలుపెట్టే ఐరన్ మాత్రలోనూ ఫోలిక్ ఉంటుంది, కానీ ఆ మాత్ర రక్తహీనత కోసం. నాళం సంగతి అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఇంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లికి 400 మైక్రోగ్రాములు చాలవు, డాక్టరు పదిరెట్లు రాస్తారు. కొత్త కోడల్ని "ఏమన్నా విశేషమా" అని అడిగే పెద్దవాళ్లు ఈ మాత్ర గురించి కూడా అడిగితే ఎంత మేలో!

తర్వాతిది అసలైన కట్టుబడి. న్యూరాన్లు కార్టెక్స్‌లో పుట్టవు. లోపల, మెదడు గదుల గోడ పక్కన పుట్టి, రేడియల్ గ్లియా అనే సన్నటి పోగులు పట్టుకుని పైకి పాకుతాయి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఈ ప్రయాణం జోరుగా సాగుతుంది. ముందొచ్చినవి కింది అంతస్తులో దిగుతాయి, వెనకొచ్చినవి వాటి మధ్యనుంచి దూరి పై అంతస్తుకు పోతాయి. అంటే కార్టెక్స్‌లో పైనుంచి లెక్కించే ఆరు పొరల్లో ఆరో పొర ముందు, రెండో పొర చివర. పాకే కణం తన కేంద్రకాన్ని ముందుకు లాక్కోవాలి, ఆ లాగుడుకు లిస్-1 అనే జన్యువు కావాలి. అది ఒక కాపీ చెడినా కణాలు సగం దారిలో ఆగిపోతాయి. ఆరు పొరలకు బదులు మందపాటి నాలుగు పొరలు మిగులుతాయి, మెదడు నున్నగా ఉండిపోతుంది, బిడ్డకు పసితనంలోనే మూర్ఛలొస్తాయి.

సమయం ఎంత ముఖ్యమో 1945 అణుబాంబులు చూపించాయి. హిరోషిమా, నాగసాకిలో రేడియేషన్ తగిలినప్పుడు కడుపులో 8 నుంచి 15 వారాల వయసున్న పిల్లల్లోనే తీవ్రమైన బుద్ధిమాంద్యం అన్నిటికన్నా ఎక్కువ. 8 వారాల లోపు, 25 వారాలు దాటినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. గర్భం మధ్య నెలల్లో పిండం మెదడును కణం కణంగా చూడాలంటే ఇప్పుడు దూరం పోనక్కర్లేదు. మద్రాస్ ఐఐటీ 2024లో 'ధరణి' పేరుతో 5132 కోతల చిత్రాలను అందరికీ ఉచితంగా పెట్టింది.

పొరలు కట్టాక తీగలు రావాలి. కన్ను, చెవి, చర్మం కబుర్లు మోసే థాలమస్ పోగులు కార్టెక్స్ కిందనే కొన్ని వారాలు ఆగి, 24వ వారం ప్రాంతం నుంచి లోపలికి దిగుతాయి. 26, 28 వారాలకే పుట్టిన బిడ్డ ఈ పనిని ఇంక్యుబేటర్‌లో చేసుకోవాలి. వాళ్లను ఎన్ని నెలలైనా ఫాలో-అప్‌కు పిలిపించడం అందుకే.

పుట్టాక సైనాప్సులు, అంటే న్యూరాన్ల మధ్య అతుకులు, ముందు విపరీతంగా పెరుగుతాయి, తర్వాత వాడనివి రాలిపోతాయి. చూపు ప్రాంతంలో ఆ శిఖరం మొదటి ఏడాదిలోనే, నుదుటి వెనక భాగంలో ఇంకా ఆలస్యంగా, అక్కడి కత్తిరింపు యవ్వనం దాకా. పసిబిడ్డ కంటిపాపలో తెల్లమచ్చ కనిపిస్తే "పెద్దయ్యాక చూద్దాం" అనకూడదు. ఒక కంటికి పుట్టుకతోనే దట్టమైన శుక్లం ఉంటే ఆపరేషన్‌కు మంచి సమయం మొదటి ఆరు వారాల ప్రాంతం. ఆలస్యమైతే లెన్సు బాగుపడ్డా కార్టెక్స్‌లో ఆ కంటి వాటాను రెండో కన్ను ఆక్రమించేస్తుంది. ఆపరేషన్‌తో పని అయిపోదు, అద్దాలు, మంచి కంటికి ప్యాచ్ తప్పవు. ఇక్కడే తల్లిదండ్రులు ఎక్కువగా వదిలేస్తారు.

ఇక నెట్‌వర్కులు, అంటే కలిసి పనిచేసే మెదడు ప్రాంతాల జట్లు. 1995లో పరిశోధకుడు భరత్ బిస్వాల్ బృందం ఎమ్మారైలో ఊరికే పడుకున్న మనుషుల్లో కుడి, ఎడమ చేతులను కదిలించే మెదడు ప్రాంతాల సంకేతాలు కలిసి హెచ్చుతగ్గులవుతున్నాయని చూపింది. 2011లో వెయ్యిమంది స్కాన్లతో కార్టెక్స్‌ను ఏడు నెట్‌వర్కులుగా విడదీశారు. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో కూర్చుని ఇంటి సంగతులు తలుచుకుంటుంటే వాటిలో డిఫాల్ట్ నెట్‌వర్క్ పనిలో ఉన్నట్టు. గేటు తెరిచారంటే ధ్యాస నెట్‌వర్క్ లేస్తుంది, డిఫాల్ట్ నెట్‌వర్క్ అణుగుతుంది. పుట్టేసరికి కదలిక, వినికిడి, చూపు నెట్‌వర్కులు గుర్తుపట్టేలా ఉంటాయి. డిఫాల్ట్ నెట్‌వర్క్ ముక్కలుగా ఉండి, బడి వయసంతా అతుక్కుంటూ వస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. స్కాన్‌లో తల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా దగ్గరి ప్రాంతాల సంబంధం ఎక్కువగా, దూరపు ప్రాంతాలది తక్కువగా కనిపిస్తుంది. చిన్నపిల్లలు ఎక్కువ కదులుతారు. దాంతో "వయసుతో దూరపు బంధాలు బలపడతాయి" అన్న తొలి ఫలితాల్లో కొంత భాగం కేవలం కదలికేనని 2012లో బయటపడింది. కదిలిన ఫ్రేములు తీసేసి లెక్కిస్తే మార్పు మిగులుతుంది కానీ చిన్నదవుతుంది. కాబట్టి పిల్లల మెదడు స్కాన్ల గురించి పేపర్లో ఏది చదివినా, కదలికను ఎలా సరిచేశారో రాశారా అని ముందు చూడండి. ఇప్పుడు మీ ప్రశ్నలు.