డ్రాగన్ తల, రాకాసి బొక్క

(మంచిర్యాలలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు విన్నారు, నేను మళ్ళీ చదవను. నాకిచ్చిన టైం తక్కువ.

"డ్రాగన్ల కథల వెనక నిజమైన జంతువులున్నాయా?" అని పిల్లలు ప్రశ్న రాసిచ్చారు. సూటిగా జవాబు చెప్పేస్తాను. నిప్పులు కక్కుతూ ఎగిరే పాము ఏ కాలంలోనూ భూమ్మీద లేదు. డైనోసార్లు ఉండేవి, కానీ వాటిని చూసిన మనిషి లేడు. అవి అంతరించి 6.6 కోట్ల ఏళ్ళు. మన మానవజాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్ళు. మరి మన పూర్వీకులు చూసిందేమిటి? ఎముకలు. నేలలోంచి, గుహల్లోంచి, వాగు ఒడ్డులోంచి బయటపడిన ఎముకలు. నేను మాట్లాడాలనుకుంటున్నది వాటి గురించే.

ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫుర్ట్ అని ఒక ఊరుంది. ఊరు కట్టకముందు అక్కడంతా బురద నేల అట. అందులో లిండ్‌వుర్మ్ అనే డ్రాగన్ ఉండి, దారిన పోయే మనిషినీ గొడ్డునీ మింగేసేదట. చివరికి కొందరు ధైర్యం చేసి, ఒక ఎద్దుకి ఇనప కొక్కెం తగిలించి, గొలుసుతో కట్టి ఎరగా పెట్టారు. డ్రాగన్ ఎద్దుని మింగింది, కొక్కెం గొంతులో దిగింది, దాంతో దాన్ని చంపేశారు. ఇదంతా కథ. ఇక జరిగింది వినండి. 14వ శతాబ్దంలో, 1335లో అని చెబుతారు, ఆ ఊరికి దగ్గర్లోని ఒక క్వారీలో పెద్ద పుర్రె బయటపడింది. అది తమ డ్రాగన్ తలే అనుకున్నారు ఊరివాళ్ళు. తీసుకెళ్ళి టౌన్‌హాల్లో పెట్టారు. 1590 ప్రాంతంలో ఉల్రిక్ ఫోగెల్‌సాంగ్ అనే శిల్పి ఊరి నడిబొడ్డున రాతి డ్రాగన్‌ని చెక్కాడు. తలని ఆ పుర్రె చూసే చెక్కాడని పరిశోధకులు అంటారు. ఆ విగ్రహం ఇవాళ్టికీ అక్కడుంది. 1840లో ఫ్రాంజ్ ఉంగర్ అనే శాస్త్రవేత్త పుర్రెని పరీక్షించి, ఇది మంచుయుగంలో తిరిగిన, ఒళ్ళంతా బొచ్చున్న ఖడ్గమృగానిదని తేల్చాడు.

1335 నుంచి 1840 దాకా లెక్క వేయండి. ఐదు వందల ఏళ్ళు! ఆ ఊరివాళ్ళు అనుకున్నది తప్పే. కానీ ఎముకని పగలగొట్టలేదు, పారేయలేదు. ఉంచారు కాబట్టే ఉంగర్ చూడగలిగాడు.

అయితే డ్రాగన్ కథ ఆ ఎముకలోంచే పుట్టిందంటే నేను ఒప్పుకోను. పుర్రె దొరికేనాటికే యూరప్ అంతటా డ్రాగన్ కథలున్నాయి. కథ ముందు నుంచీ ఉంది, ఎముక వచ్చి దానికి సాక్ష్యం చెప్పింది. గద్ద తల, సింహం ఒళ్ళు ఉన్న గ్రిఫిన్ విషయంలోనూ ఇదే గొడవ. గోబీ ఎడారిలోని ప్రోటోసెరటాప్స్ అనే డైనోసార్ ఎముకలు చూసి ఆ కథ అల్లుకున్నారని ఏడ్రియన్ మేయర్ అనే చరిత్రకారిణి వాదించారు. వినడానికి బాగుంటుంది. 2024లో మార్క్ విట్టన్, రిచర్డ్ హింగ్ అనే పరిశోధకులు దాన్ని కాదన్నారు. ఆ ఎముకలు దొరికే చోటుకీ, గ్రిఫిన్లు కాపలా కాస్తాయని కథలో చెప్పే బంగారు గనులకీ వందల కిలోమీటర్ల దూరం ఉంది, పైగా గ్రిఫిన్ బొమ్మలు ఈజిప్టు, పశ్చిమాసియాల్లో అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నాయి అని. నాకు వీళ్ళ మాటే సబబనిపిస్తుంది.

బతికున్న జంతువుని చూసి డ్రాగన్ అనుకున్న సంగతి కావాలంటే ఆస్ట్రియా పక్కనున్న స్లొవేనియాకి వెళ్ళాలి. అక్కడి గుహల నీళ్ళలో ఓల్మ్ అనే జీవి ఉంటుంది. తెల్లగా, జానెడు పైన పొడవుంటుంది, చూపుండదు. పెద్ద వానలకి నీళ్ళతో పాటు బయటికి కొట్టుకొస్తే జనం డ్రాగన్ పిల్ల అనుకునేవారు. 1689లో వాల్వాసోర్ అనే పండితుడు ఈ సంగతి తన పుస్తకంలో రాశాడు.

ఇక చైనా. అక్కడ శిలాజాల్ని డ్రాగన్ ఎముకలని మందుల షాపుల్లో అమ్మేవారు. పొడిచేసి తాగేవారు. 1935లో ఫోన్ కోనిగ్స్‌వాల్డ్ అనే శాస్త్రవేత్త హాంకాంగ్‌లో ఒక మందుల షాపులో ఒక దంతం చూసి, ఎవరికీ తెలియని మహా వానరానిదని గుర్తుపట్టాడు. జైగాంటోపిథెకస్ అనే ఆ వానరం సంగతి అలా బయటపడింది. ఆ ఒక్క దంతం దక్కింది సరే, దానికి ముందు ఎన్ని రోట్లో దంచేసి ఉంటారు? తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మన దగ్గరికి వద్దాం. 2024లో ఐఐటీ రూర్కీ శాస్త్రవేత్తలు కచ్‌లోని పనంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన పాముకి వాసుకి ఇండికస్ అని పేరు పెట్టారు. 27 వెన్నుపూసలు, 4.7 కోట్ల ఏళ్ళ నాటివి, పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉండొచ్చని అంచనా. వార్త వచ్చిన మర్నాటికి నా ఫోన్లో మెసేజ్‌లు: "సముద్ర మథనం వాసుకి దొరికాడు, సైన్సే ఒప్పుకుంది." అయ్యా, పురాణంలోని పేరు పాముకి పెట్టారు. పురాణాన్ని నిరూపించలేదు. నాకు పురాణమంటే గౌరవం ఉంది, అందుకే దానికి ఎముకతో సాక్ష్యం అక్కర్లేదంటాను. నమ్మేవాళ్ళు ఎముకని కాపాడిన సందర్భాలూ మనకున్నాయి. గండకీ నది సాలగ్రామాలు సముద్ర జీవుల శిలాజాలే. తరతరాలుగా పూజలో ఉన్నాయి, ఒక్కటీ రోట్లో పడలేదు.

కొమోడో డ్రాగన్ అని పిలిచే ఇండోనేషియా పెద్ద బల్లి గురించి కూడా రాసుకొచ్చాను. యూరప్ శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించిందే 1912లో, యూరప్ డ్రాగన్ కథలకీ దానికీ సంబంధం లేదు. అంతటితో వదిలేస్తాను. అసలు మాట చెప్పకుండా దిగిపోతే నాకు నిద్ర పట్టదు.

కొన్నేళ్ళ కిందట, ఈ జిల్లాలోనే, ఒక గొర్రెల కాపరి నాకు ఫోన్ చేశాడు. "సారూ, రోడ్డు పనిల రాకాసి బొక్క ఎల్లింది, జల్ది రాండి" అన్నాడు. బొక్క అంటే మన దగ్గర ఎముకే. బస్సు పట్టుకుని వెళ్ళాను. ఎర్రమట్టి గట్టులో ఎముక ఉన్న చోట తొడంత లావు గుంత అచ్చులా మిగిలింది. ఎముక లేదు. టిప్పర్‌లో పోసి రోడ్డు కింద వేసి రోలర్ తిప్పేశారు. అడిగితే, "రాయే కదా సార్" అన్నాడు పని చూస్తున్న ఇంజనీరు. చదువుకున్నవాడికి రాయి. చదువు రాని ఆ కాపరికి మాత్రం అది ఎముక! రాక్షసుడి ఎముక అనుకున్నాడు కాబట్టే భయపడి, ఒక ముక్కని గొంగడిలో చుట్టి దాచాడు. ములుగు జిల్లా దామరవాయిలో బండలతో కట్టిన పాత సమాధుల్ని జనం రాక్షస గుళ్ళంటారు, తెలుసు కదా? అదే భయం, అదే భక్తి. ఆ ముక్కతో నేను ఒక ఆఫీసుకి ఉత్తరం రాశాను. మా పరిధిలోకి రాదని జవాబొచ్చింది. ఇంకో ఆఫీసు నుంచి అదీ రాలేదు. ఏ పొరలో ఉందో, పక్కన ఏమేం ఉన్నాయో తెలియకుండా ఒక్క ముక్క చూసి ఏ జంతువో చెప్పలేమన్నారు తెలిసినవాళ్ళు.

మనం ఎలాంటి నేల మీద కూర్చున్నామో తెలుసా? ప్రాణహిత–గోదావరి లోయ ఇది. ఈ లోయలోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకల్ని 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు వర్ణించి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల పొడవు. మన పల్లె పేరు ప్రపంచమంతా చదువుతోంది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, పిల్లల్ని తీసుకెళ్ళండి.

ముందు వరసలో సర్పంచులు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు కూడా కూర్చున్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను, దండం పెట్టి అడుగుతున్నాను. జేసీబీ బకెట్‌కి ఎముకలాంటి రాయి తగిలితే ఆ పక్క పని ఒక్క రోజు ఆపండి. దాన్ని పెకలించొద్దు. పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీయండి, చోటు రాసుకోండి, హైదరాబాద్‌లో ఉన్న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆఫీసుకి తెలియజేయండి. రాకాసిది అనుకున్నా సరే, దేవుడిది అనుకున్నా సరే, రోలర్ కింద మాత్రం వేయొద్దు.

టైం అయిపోయిందని చీటీ వచ్చింది. ప్రశ్నలు ముందు పిల్లలే అడగండి.