కృష్ణబిలం ఎంత జోరుగా తిరుగుతోంది?

శ్రోతలకు నమస్కారం. విజయనగరంలో పిల్లలకు నక్షత్రాలు చూపిస్తూ కృష్ణబిలం గురించి చెబుతుంటే, పక్కన నిలబడి వింటున్న పెద్దాయన ఒకరు అడిగారు: "వెలుగే బయటికి రాదంటన్నారు గదా మాస్టారూ, మరది తిరుగుతోందని ఎవులు చూసొచ్చినారు?" అడగాల్సిన ప్రశ్నే.

కృష్ణబిలం పక్కనున్న నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు నేరుగా అందులో పడిపోదు. చుట్టూ వలయంగా తిరుగుతూ, రాపిడికి కోటి డిగ్రీల దాకా కాగి ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. ఆ వలయానికి లోపలి అంచు ఒకటుంది. అది దాటిన వాయువు ఇక నిలదొక్కుకోలేదు, బిలంలో పడిపోవాల్సిందే. కిటుకంతా ఈ అంచులోనే ఉంది. సూర్యుడికి పదింతల బరువున్న బిలం తిరక్కుండా ఉంటే అంచు కేంద్రానికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. వాయువు తిరిగే దిక్కునే బిలమూ గరిష్ఠంగా తిరుగుతుంటే 15 కిలోమీటర్ల దాకా దగ్గరికొస్తుంది. తేడా అంతా కలిపి ఇంచుమించు విజయనగరం నుంచి శ్రీకాకుళం ఉన్నంత. దాన్ని వేల కాంతి సంవత్సరాల అవతల పట్టుకోవాలి!

కర్రు కాల్పించుకోడానికి కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లకి తెలుసు: ఇనుము ఎరుపు తిరిగిందా, పసుపు తిరిగిందా అన్నదాన్ని బట్టి ఎంత కాగిందో చెప్పొచ్చు. ఒకే రంగుకి కాగిన రెండు ముక్కల్లో సెగ ఎక్కువ కొట్టేది పెద్దది. ఇక్కడా అదే లెక్క. ఎక్స్‌రేల వర్ణపటం (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎక్స్‌రేలున్నాయన్న లెక్క) వేడిని చెబుతుంది, మొత్తం వెలుగు వైశాల్యాన్ని చెబుతుంది, దాంట్లోంచి అంచు దొరుకుతుంది. ఇంకో దారీ ఉంది. వలయంలోని ఇనుప పరమాణువులు 6.4 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల (ఇది శక్తిని కొలిచే కొలమానం) ఎక్స్‌రేలు వదులుతాయి. అంచు ఎంత లోపలికి ఉంటే, గురుత్వాకర్షణ వాటి శక్తిని అంత కిందికి లాగుతుంది.

మొదటి పద్ధతికి మాత్రం బిలం దూరం, బరువు, వలయం వాలు ముందే తెలియాలి. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ వెనకాల చాకిరీయే. సిరిమాను సంబరం రోజుల్లో చీకటిపడ్డాక నడినెత్తికి కాస్త ఉత్తరంగా హంస మండలం కనిపిస్తుంది. అందులోని సిగ్నస్ ఎక్స్-1 అనే కృష్ణబిలం 1964లో రాకెట్ ప్రయోగంలో బయటపడింది. ఎక్స్‌రేలను మన వాతావరణం అడ్డుకుంటుంది కాబట్టి పైకెళ్లి చూడాల్సిందే. దాని దూరం సుమారు 6,000 కాంతి సంవత్సరాలనుకునేవారు. రేడియో టెలిస్కోపులతో మళ్లీ కొలిస్తే 7,200 అని 2021లో తేలింది. దాంతో బరువు 15 సూర్యుళ్ల నుంచి 21కి పెరిగింది, అంతకుముందే ఎక్కువనుకున్న భ్రమణం గరిష్ఠానికి దాదాపు ఆనుకుంది. ఒక్క దూరం మారితే ఇన్ని మారాయి.

ఎక్స్‌రేలు చూసే మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లింది. అమెరికా వాళ్ల చంద్ర అనే ఎక్స్‌రే టెలిస్కోపుతో కలిసి, 4యూ 1630-47 అనే బిలం భ్రమణం గరిష్ఠంలో 92 శాతం దాకా ఉందని చూపింది.

అయితే గురుత్వ తరంగాల (రెండు బిలాలు ఢీకొని కలిసిపోయినప్పుడు అంతరిక్షంలో పుట్టే అలల) ద్వారా దొరుకుతున్న కృష్ణబిలాల్లో చాలావాటి భ్రమణం తక్కువే. ఎక్స్‌రేల్లో కొలిచినవి మాత్రం ఎక్కువగా జోరుమీదున్నవి. ఈ రెండు రకాలూ పుట్టుకలోనే వేరా, లేక వలయం గురించి మనం వేసుకున్న లెక్కలో ఎక్కడైనా తేడా ఉందా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.