పక్షవాతం వచ్చిన గంటలో పసరు పొయ్యొచ్చా?

నమస్కారమండీ. మన శ్రీకాకుళం పల్లెల్లో ఎవరికైనా మూతి వంకరపోయి చెయ్యి వేలాడిపోతే ముందు వినిపించే మాట, “నోట్లో కాస్త పసరు పొయ్యండర్రా” అని. ఈ వీడియో ఆ ఒక్క చెంచా గురించే.

మెదడు రక్తనాళానికి రక్తం గడ్డ అడ్డుపడితే, రక్తం అందని చోట నడిమి భాగం నిమిషాల్లోనే చచ్చిపోతుంది. దాని చుట్టూ ఇంకో భాగం ఉంటుంది, పని ఆగిపోయినా ప్రాణం ఉన్నది. తడి అందక వాడిన నారుమడిలా అన్నమాట. అక్కడ గ్లుటమేట్ అనే మెదడు రసాయనం పొంగి, కణాల్లోకి కాల్షియం చొరబడి, కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. మొక్కల పదార్థాలతో ఆపాలని చూసేది దీన్నే.

పసుపులోని కర్కుమిన్ ఎలుకల్లో బాగా పనిచేసింది. మరి మనకి? పసుపుపొడిలో కర్కుమిన్ ఉండేది సుమారు 3 శాతం. 3 గ్రాముల చెంచాకి 90 మిల్లీగ్రాములు. దాన్నీ పేగు సరిగ్గా పీల్చుకోదు, పీల్చుకున్న కాస్తనీ కాలేయం మార్చి పంపేస్తుంది. పైగా ల్యాబులో ఎలుక వయసులో ఉన్నది, షుగరు లేదు, నాళం మూసిన కాసేపటికే మందు పడుతుంది. ఇచ్ఛాపురం అవతల నుంచి బయల్దేరిన పెద్దాయనకి అప్పటికే రెండు గంటలు దాటిపోతాయి. నాళం మూసుకునే ఉంటే ఏ మందైనా ఏ దారిన వెళ్తుంది?

అలాగని మొక్కల్లో ఏమీ లేదనను. సెలరీ గింజల్లో దొరికిన బ్యూటైల్‌ఫ్తలైడ్‌ని మందుగా తయారుచేసి చైనాలో వాడుతున్నారు. 2023లో వచ్చిన ట్రయల్‌లో 1,216 మంది పాల్గొన్నారు. అందరికీ గడ్డ కరిగించే ఇంజెక్షనో, గడ్డని లాగేసే చికిత్సో జరిగింది. దానికి తోడు 14 రోజులు నరంలోకి ఈ మందు, తర్వాత 90వ రోజు దాకా గుళికలు. బాగా కోలుకున్నవాళ్లు మందు తీసుకున్నవారిలో 56.7 శాతం, తీసుకోనివారిలో 44. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది, ముందు దారి తెరిచారు, మందు నరంలోకి ఎక్కించారు.

ఇప్పుడు మన చెంచా. గొంతు ఒకవైపు చచ్చుబడితే పసరు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, మింగేశాడనే అనుకుంటాం. తర్వాత న్యుమోనియా పట్టుకుంటుంది. అందుకే ఆస్పత్రిలో మింగే పరీక్ష అయ్యేదాకా నీళ్లు కూడా పట్టరు. దయచేసి మీరూ పట్టకండి. రక్తాన్ని పలచబరిచే ఆస్పిరిన్ కూడా వద్దు, మెదడులో రక్తస్రావమైనా పైకి ఇలాగే కనిపిస్తుంది, సీటీ స్కాన్ తీస్తేనే తేలుతుంది. బీపీ మాత్ర మీరే వెయ్యకండి, ఒక్కసారి బీపీ పడిపోతే ఆ వాడిన భాగానికి అందే కాస్త రక్తమూ తగ్గిపోతుంది.

108కి ఫోన్ చేసి, మత్తుగా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. సీటీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమని అడగండి. ఆ ఇంజెక్షన్ ఆల్టెప్లేజ్ అయితే మోతాదు కిలోకి 0.9 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 54, అందులో 5.4 ఒక్కసారిగా, మిగతాది గంటసేపు. మామూలుగా ఇది నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

ఇంటికొచ్చాక కూరలో పసుపుకి అడ్డేమీ లేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే మాత్రం పసుపు గుళికలు, జింకో అనే చెట్టు ఆకుల గుళికలు డాక్టరుకి చెప్పకుండా వెయ్యకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఇంకొకటి. ఇంజెక్షన్‌కి చెప్పిన ఆ నాలుగున్నర గంటలు లెక్కపెట్టేది మనం చూసిన టైమునుంచి కాదు, మనిషి ఆఖరిసారి బాగున్న టైమునుంచి. రాత్రి 10కి బాగానే పడుకుని తెల్లారి 5కి ఇలా లేస్తే, 10 అనే చెప్పాలి. ఆ టైము పెన్నుతో పేషెంటు చేతిమీదే రాసి బండెక్కించండి.